డిసెంబర్ 31 గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత డిసెంబర్ 31 గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది. మీరంటే ఊరందరికీ కేకులు, బ్రిగేడ్ రోడ్డులో తోపులాట. మా ఇంట్లో మాత్రం మీరు పిల్లల జిమ్నాస్టిక్స్ పోటీల వయసు కటాఫ్.

మా పాపకి డాక్టరమ్మ ఇచ్చిన డేట్ 2017 జనవరి 4. మా మామగారు పంచాంగంతో సహా ఒంగోలు నుంచి దిగి, "ఇంత మంచి గడియ మళ్లీ దొరకదు అల్లుడూ" అని 2016 డిసెంబర్ 31 పొద్దున్నే సిజేరియన్‌కి ముహూర్తం పెట్టించారు. తొమ్మిది గ్రహాల్నీ చూశారు గానీ మిమ్మల్ని చూడలేదు.

పాపకి ఏడున్నరేళ్లప్పుడు మొదటి పోటీ. ఒకే ఏడాది పుట్టినవాళ్లంతా ఒక గ్రూపు. పక్కన నిలబడ్డ పిల్ల 2016 జనవరిలో పుట్టింది. ఆ పిల్లకి ముందుపళ్లు కొత్తవి వచ్చేశాయి, మా దానికి పాతవి ఊడి కిటికీ తెరుచుకుంది. ఎక్కి నడవాల్సిన సన్న దూలం, అదే బీమ్, మాత్రం ఇద్దరికీ ఒకటే. మా పాప మూడో అడుగుకే చేతులు గిలగిలా కొట్టుకుని కిందపడింది. లేచి, చేతికున్న చాక్‌పొడి ముక్కుకి పూసుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. పడితే ఒక మార్కు కోత. అయినా ఆ బీమ్ 10 సెంటీమీటర్ల వెడల్పుంది, పాదం పెట్టడానికి చోటుంది. మీ గీత వెడల్పెంత స్వామీ? అర్ధరాత్రి ఒక్క సెకను!

మీ మీద కోపంతోనే రూల్సు చదవడం మొదలుపెట్టాను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ నదియా కొమనేచి పదికి పది కొట్టినప్పుడు ఆమె వయసు 14. ఆ తర్వాత ఇలాంటి పెద్ద పోటీల్లో అమ్మాయిల కనీస వయసు 1981లో 15కి, 1997లో 16కి పెరిగింది. ఉత్తర కొరియా అమ్మాయి కిమ్ గ్వాంగ్ సుక్ కాగితాల మీద మూడేళ్లు వరసగా 15 దగ్గరే ఆగిపోయింది. దాంతో 1993 ప్రపంచ పోటీలకి ఆ దేశాన్నే రానివ్వలేదు. 2000 సిడ్నీలో ఆడిన డాంగ్ ఫాంగ్‌షియావోకి అప్పుడు 14 ఏళ్లేనని తేలి, పదేళ్ల తర్వాత చైనా జట్టు కాంస్యం ఊడింది. మనం నవ్వకూడదు లెండి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్ 1. ఆ రోజున నన్ను కన్నది మా అమ్మ కాదు, హెడ్మాస్టరు గారి కలం.

అలా చదువుతూ ఒకచోట ఆగిపోయాను. పోటీ నాటికి 16 నిండక్కర్లేదట, ఆ క్యాలెండర్ ఏడాదిలో నిండితే చాలట. అంటే 2032 జూలైలో బ్రిస్బేన్ ఒలింపిక్స్‌కి మా పాప పదిహేనున్నరేళ్లకే అర్హురాలు! మర్నాడు పుట్టిన పిల్ల 2036 దాకా కూర్చోవాలి. పాపకి చేతుల మీద చక్రంలా పక్కకి తిరిగే కార్ట్‌వీల్ ఇంకా తిన్నగా రాదు, అది వేరే సంగతి.

కాబట్టి పై తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మామగారికి ఫోన్ చేసి ముహూర్తం మహాద్భుతం అన్నాను. మా మరదలికి డెలివరీ డేట్ జనవరి 2. ఆయన అక్కడే పంచాంగం తీసి పేజీలు తిప్పడం వినిపించింది.

"అల్లుడూ, మగపిల్లాడైతే ఎంత?"

"18 అండీ."

లెక్క వేసుకుని మళ్లీ చేస్తానన్నారు.

ఇట్లు,
మీ కటాక్షం కోరే ఒక తండ్రి