కాటా పాలకేనా, పొట్టేలుకు లేదా?

బక్రీదుకు ముందు, దసరాకు ముందు అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల సంతలకు జీవాలు లారీలకొద్దీ దిగుతాయి. ఏడాది పొడుగునా మంద వెంట తిరిగిన కాపరి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు అవే. సరిగ్గా ఆ రోజుల్లోనే పొట్టేలు వెన్ను తడిమి, పళ్లు చూసి, కొన్నిచోట్ల తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చే పద్ధతి నేటికీ సాగుతున్నది. ఆ పొట్టేలే మాంసం దుకాణం చేరగానే గ్రాముల లెక్కన అమ్ముడవుతుంది. కాపరి దగ్గర కొనేటప్పుడు చూపు, గిరాకీకి అమ్మేటప్పుడు కాటా. ఈ ద్వంద్వ నీతిని ఇన్నేళ్లుగా సంప్రదాయమని పిలుచుకుంటున్నాం.

వాన మొహం చాటేసి చెనక్కాయ చేతికి రాని ఏళ్లలో ఈ జిల్లాల ఇళ్లను నిలిపినవి జీవాలేనని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.42 కోట్ల గొర్రెల్లో 1.76 కోట్లు మన రాష్ట్రంలోనే ఉన్నాయి. ఈ లెక్కలో మనకన్నా ముందున్నది తెలంగాణ ఒక్కటే. ఇంత సొమ్ము చేతులు మారే సంతల్లో ఆశీలు (సంత రుసుము) రసీదు చించడానికి మనిషి తప్పకుండా ఉంటాడు కానీ, జీవాన్ని తూచే కాటా మాత్రం ఎక్కడో తప్ప కనిపించదు.

పాల కేంద్రానికి వెళ్లి చూడండి. అక్కడ కొలతకు కొదవే లేదు. ఆవు పాలలో వెన్న 3.2 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే ఘనపదార్థాలు) 8.3 శాతం ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణం. యంత్రం చూపిన అంకె దశాంశం తర్వాత కాస్త తగ్గినా ఆ మేరకు రైతు చీటీలో పైసలు కోసేస్తారు. ఏటా దాదాపు 24 కోట్ల టన్నుల పాలు తీస్తూ ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న దేశం మనది. కొలత లేకుండా ఆ వ్యాపారం ఒక్క పూట కూడా నడవదు. రైతుకు కోత పెట్టాల్సిన చోట అంత చురుకుగా పనిచేసే కొలత, రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ రావాల్సిన చోట ఎందుకు మాయమవుతున్నది?

తూకం పెడితే సంతకు వచ్చే ముందు జీవాలకు కడుపు నిండా నీళ్లు తాగిస్తారనీ, వయసునూ ఒంటినీ కాటా చెప్పలేదనీ వ్యాపారులు అంటున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే పాలలో నీళ్లు కలుపుతారన్న అనుమానంతో పాడి రైతు ముందుకు లాక్టోమీటరును తెచ్చారే తప్ప, పాలను కంటితో చూసి ధర కడతామని ఎవరూ అనలేదు. తూకం వేశాక వయసు చూసి, పళ్లు చూసి బేరమాడవద్దని కూడా ఎవరూ అనడం లేదు.

చూపు తప్పితే నష్టమెంతో లెక్క వేయడం కష్టమేమీ కాదు. 30 కిలోల పొట్టేలును 25 కిలోలుగా అంచనా కడితే పోయేది 5 కిలోలు. కోస్తే బరువులో సగానికి కాస్త అటూ ఇటూగా మాంసం దిగుతుంది గనుక, తలకు 2 కిలోలకు పైగా మాంసం ఉచితంగా చేతులు మారినట్టే. ఒక్కసారి 20 జీవాలను అమ్ముకునే కాపరికి అది 40 కిలోలు దాటుతుంది. రోజుకు పదుల జీవాలను తడిమే దళారి చెయ్యి తన వైపు నష్టం వచ్చేలా తప్పడం అరుదు.

విదేశాలకు వెళ్లే గేదె మాంసానికైతే ఈ దేశం ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడండి: ఎముక తీయనిదే ఓడ ఎక్కనివ్వదు, గుర్తింపు పొందిన కర్మాగారం నుంచి రావాలంటుంది, ప్రతి సరుకుకూ పశువైద్యుడి ధ్రువపత్రం అడుగుతుంది. పరాయి దేశపు కొనుగోలుదారు కోసం ఇన్ని నియమాలు పాటించగలిగిన యంత్రాంగానికి, సొంత ఊరి కాపరి కోసం ఒక కాటా నిలబెట్టడం చేతకాదంటే నమ్మేదెలా?

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. సంత ఆశీలు పాటకు పిలిచే ప్రకటనలో, పాడుకున్నవారు జీవాల కాటా పెట్టి, అడిగిన ప్రతి కాపరికీ తూకం చీటీ ఇవ్వాలన్న ఒక్క షరతు చేర్చితే పని మొదలవుతుంది. మార్కెట్ కమిటీలు, పంచాయతీలు వచ్చే పాటలోనే ఆ షరతు రాయాలి. ఎన్నికలు రాగానే గొంగడి కప్పుకుని, గొర్రెపిల్లను భుజానికెత్తుకుని ఫొటోలు దిగే నాయకులు ఆ మాత్రం చేయించలేకపోతే, వచ్చేసారి గొంగడి అడగడానికి ఆ కాపరి గడప తొక్కకుండా ఉండాలి.