నాలుగ్గంటల సమోసాకు పొంచి ఉన్న ముప్పు

దక్షిణ తెలంగాణలో ఆఫీసులు, బ్యాంకులు, బడులు, దుకాణాలు ఇన్నాళ్లూ సాఫీగా నడుస్తున్నాయంటే దానికి కారణం నాలుగ్గంటల సమోసా. ఈ సంగతి ఏ నివేదికలోనూ కనబడదు. కావాలంటే నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ చుట్టుపక్కల ఏ మేడమీది ఆఫీసులోకైనా మూడూ యాభైకి వెళ్లి చూడండి. పెన్నులు ఆగుతాయి. మెడలు మెల్లగా తలుపు వైపు తిరుగుతాయి. ఎవరో ఒకరు గొంతు సవరించుకుని "ఏందన్నా, ఇయ్యాల ఎవలు తెప్పిస్తున్నరు?" అంటారు. పొద్దట్నుంచి డీఏ లెక్కల మీద మాటా మాటా అనుకున్న రెండు జట్లూ అయిదు నిమిషాల్లో ఒకే పేపరు ముక్క చుట్టూ చేరతాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత సామరస్యం ఏ పథకం సాధించింది?

అలాంటి వ్యవస్థకు ఇప్పుడు ముప్పు వచ్చిపడింది. కొందరు ఉద్యోగులు చిన్న స్టీలు డబ్బాలు తెస్తున్నారు. నాలుగింటికి చప్పుడు చేయకుండా మూత తీస్తున్నారు. లోపల గుడాలు, అదే గుగ్గిళ్లు! ఇది ఎంతదాకా పోతుందో ఆలోచించే వారే కరువయ్యారు. శత్రువును గుర్తుపట్టకుండా పోరాడలేం గనక ఈ పదార్థాలు ఎలా తయారవుతాయో, ఎక్కడ చెడతాయో కొలతలతో సహా కింద ఇస్తున్నాం. చదివి జాగ్రత్తపడడానికే తప్ప వండుకోవడానికి కాదని మనవి.

ముందు సమోసా మీద వేస్తున్న నిందలకు జవాబు చెప్పాలి. మొదటిది నూనె. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే అందులో పోలార్ కాంపౌండ్లు అనేవి పెరుగుతాయట, అవి 25 శాతం దాటిన నూనె వాడరాదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. కొలవడానికి మీటరుంటుంది. బండి కాడ మీటరెందుకండీ, కళ్లు లేవా? నూనె చిక్కబడి, నల్లగా మారి, సరుకు వేయకముందే పొగ లేస్తూ, పైన కట్టిన నురగ దిగకుండా ఉంటే పని అయిపోయిందని అర్థం. మేం మాత్రం దాన్ని అనుభవం అంటాం. పొద్దటి మిర్చి, మధ్యాహ్నపు పునుగు, సాయంత్రపు సమోసా, ముగ్గురి అనుభవమూ ఒక్క మూకుట్లో ఇంకిన నూనె అది.

రెండోది పేపరు పొట్లం. అచ్చు సిరా వేడి నూనెకు కరిగి తిండిలోకి దిగుతుంది, న్యూస్‌పేపర్లో చుట్టొద్దు అని అదే సంస్థ చెబుతోంది. పేపరు చదివే వాళ్లే తగ్గిపోతున్న కాలం. జిల్లా ఎడిషన్ ఈ దారినైనా జనం లోపలికి పోతుంటే అడ్డుపడడం భావ్యమా?

ఇక నిద్ర. పైన మైదా, లోపల ఆలుగడ్డ, మధ్యలో నూనె. నాలుగూ ముప్పావుకు కళ్లు వాలడం సహజం. దాన్ని లోపమనేవాళ్లు ఫైళ్లు మరీ తొందరగా కదిలితే వచ్చే అనర్థాలు ఎరగని వాళ్లు.

ఇప్పుడు అసలు నిందితుల దగ్గరికి వద్దాం. ఏ వన్ ముద్దాయి శనగ గుడాలు. ముగ్గురికి ఒక కప్పు నల్ల శనగలు చాలు. రాత్రి పదింటికి మూడు కప్పుల నీళ్లలో నానేస్తే పొద్దున ఆరింటికి ఉబ్బి ఉంటాయి. ఆ నీళ్లు పారబోసి, గింజలు మునిగి వాటికి అంగుళం పైన నిలిచేలా కొత్త నీళ్లు పోసి, అర చెంచా ఉప్పు వేసి కుక్కర్లో నాలుగైదు విజిళ్లు. బొబ్బర్లయితే అయిదారు గంటల నాను, రెండు విజిళ్లు. ఇక్కడే చాలామంది దొరికిపోతారు. రెండూ ఒకటే కదా అని కలిపి పెడితే శనగలు ఉడికేసరికి బొబ్బర్లు పప్పయిపోతాయి. విజిలొచ్చాక కుక్కర్ను అట్లాగే వదిలేసి స్నానానికి పోతే లోపలి వేడికి ఇంకో విజిలంత ఉడుకుతాయని కూడా మరవరాదు.

అయిదు విజిళ్లకూ శనగ గట్టిగానే ఉందా? గింజ పోయినేటి పాతదైనా అయ్యుండాలి, నీళ్లు బోరువైనా అయ్యుండాలి. బోరు నీళ్లలోని సున్నం గింజ పొట్టును పట్టుకుని మెత్తబడనివ్వదు. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వేసి వదిలించే పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అంటుంది గానీ, శనగలు ఉడకనివ్వని మన బోరు నీళ్ల ఘనతకు ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు. నానబెట్టడానికీ ఉడకబెట్టడానికీ ఫిల్టరు నీళ్లు వాడితే ఈ తిప్పలు సగం తప్పుతాయి. సోడా ఉప్పు వేస్తే ఉడికే మాట నిజమే, కానీ చిటికె దాటితే సబ్బు వాసన. నిమ్మకాయ, చింతపండు, టమాట ఏదైనా సరే గింజ మెత్తబడ్డాకే పడాలి. పులుపు ముందే పడితే శనగ పట్టు విడవదు.

ఉడికాక నీళ్లు పూర్తిగా వంపాలి. రెండు చెంచాల నూనె, అర చెంచా ఆవాలు, రెండు ఎండు మిరపకాయలు, నలగ్గొట్టిన ఎల్లిపాయ రెబ్బలు ఆరు, ఒక రెమ్మ కల్యామాకు, అదే కరివేపాకు. పోపులో గింజలు వేసి పెద్ద మంట మీద మూడు నిమిషాలు, తడి ఆరేదాకా. ఆ తడే అసలు దొంగ. తడితో, వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి చుక్కలు చుక్కలుగా కిందికి రాలుతుంది. మే నెల నల్లగొండ ఎండలో అది నాలుగింటిదాకా ఆగదు, రెండింటికే బంక పట్టి పుల్లటి వాసన కొడుతుంది. పళ్లెంలో ఆరబోసి, చెయ్యి పెడితే చల్లగా తగిలాకే సర్దాలి. ఉల్లిగడ్డ, నిమ్మచెక్క వేరే చిన్న డబ్బాలో పోవాలి. పొద్దున్నే కోసి కలిపిన ఉల్లిగడ్డ సాయంత్రానికి నీరు వదలడమే కాదు, మూత తీసిన క్షణంలో పక్క సెక్షను దాకా సమాచారం చేరవేస్తుంది.

రెండో ముద్దాయి పాలమూరు పల్లీ. గద్వాల వైపు బుడ్డలు అని ముద్దుగా పిలిచినా బుద్ధి మాత్రం ఒకటే. పావు కిలో పల్లీల మీద, రెండు పెద్ద చెంచాల నీళ్లలో ఒక చెంచా ఉప్పు కరిగించి చల్లి, కలిపి, పది నిమిషాలు ఆరనిచ్చి, మందపాటి ఇనుప మూకుట్లో సన్న మంట మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. చెయ్యి ఆగకూడదు. టపటపమంటూ పొట్టు చిట్లినప్పుడు ఒకటి నోట్లో వేసుకుంటే కాస్త పచ్చిగానే ఉంటుంది, మెత్తగా కూడా ఉంటుంది. దించాల్సింది అప్పుడే. కరకరలాడే దాకా పొయ్యి మీదే ఉంచిన వారి పల్లీలు దించాక మూకుడు వేడికే మాడి చేదెక్కుతాయి. కరకర చల్లారాక వస్తుంది, పొయ్యి మీద రాదు. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, బూజు వాసన వచ్చేవి వేయించక ముందే ఏరి పారెయ్యాలి. ఆ బూజు విషం వేపుడు వేడికి పూర్తిగా పోదు.

పల్లీలో మరో ప్రమాదం ఉంది. పిడికెడు, అంటే 30 గ్రాములు, తింటే ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులు అంది ఆరున్నర దాకా ఆకలి జోలికి రాదు. అదే పావు కిలో డబ్బాను సొరుగులో పెట్టుకుంటే చెయ్యి దానంతటదే పోతుంది. ఒక కన్ను స్క్రీన్ మీద, ఒక చెయ్యి సొరుగులో. సోమవారం తెచ్చిన డబ్బా బుధవారానికి అడుగు కనిపిస్తుంది. అందుకే ఈ ముద్దాయిల్లో ఆరితేరినవారు ఇంటి దగ్గరే పిడికెడు కొలిచి చిన్న డబ్బాలో తెస్తారు. ఇంత ముందుచూపున్న మనుషులతో సమోసా ఎట్లా నెగ్గుతుంది?

మధ్యలో బిస్కెట్ వర్గం ఒకటుంది. ప్యాకెట్ మీద గోధుమ కంకి, పచ్చటి ఆకు, పరుగెత్తే మనిషి. వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల వరుస. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది వెనక, అలా రాయాలన్నది నియమం. మొదటి మాట మైదా, తర్వాత చక్కెర, ఆ తర్వాత నూనె అయితే అది మన సమోసాకు మేనత్త కొడుకే. దాంతో మనకు పేచీ లేదు.

కుట్ర సాయంత్రంతో ఆగలేదు, మధ్యాహ్న భోజనానికీ పాకింది. పెరుగన్నం సంగతే చూడండి. పొద్దున కలిపితే ఒంటిగంటకు నోరు గుంజేంత పుల్లన అవుతుందన్న ధీమాతో హోటళ్లు బతుకుతున్నాయి. కొందరు ఇల్లాళ్లు, ఇటీవల కొందరు బ్రహ్మచారులు కూడా, దానికి విరుగుడు నడుపుతున్నారు. అప్పుడే వండిన అన్నం ఒక కప్పు వేడి మీదే మెదిపి, గోరువెచ్చగా దిగాక ముప్పావు కప్పు కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలిపి మూత పెడతారు. ఎనిమిదింటికి కలిపింది ఒంటిగంటకు డబ్బాలోనే తోడుకుని కమ్మగా దిగుతుంది. పాలు వేడిగా పోస్తే తోడు చచ్చి పాలన్నంగానే మిగిలిపోతుంది. డిసెంబరులో ఒక చెంచా చాలదు, రెండున్నర వేయాలి. ఉప్పు తినేటప్పుడే.

జొన్న రొట్టెది ఇంకో తీరు. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు. అందుకే కప్పు పిండికి ముప్పావు కప్పు మరిగే నీళ్లు పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టే వేడికి దిగాక బాగా మర్దించాలి. చన్నీళ్లు పోస్తే తట్టేటప్పుడే అంచులు పగిలి తెలంగాణ పటంలా తయారవుతుంది. కాల్చిన వేడి మీదే రెండేసి రొట్టెలు నూలు గుడ్డలో చుడితే మధ్యాహ్నానికి వంగుతాయి. ఫాయిల్లో చుడితే చెమట పట్టి తోలవుతాయి. విరిగిందా, మరీ మంచిది. నారాయణపేట, కొడంగల్ వైపు వాళ్లను చూస్తే తెలుస్తుంది: విరిచిన రొట్టె మీద గడ్డపెరుగు, ఉల్లిగడ్డ, రెండు చెంచాల పల్లీల పొడి. అయిదు నిమిషాల్లో భోజనం అయిపోతుంది. ఆ పొడికి వేయించిన పల్లీలు కప్పు, ఎండు మిరపకాయలు ఆరు, ఎల్లిపాయ రెబ్బలు ఆరు, అర చెంచా జీలకర్ర, ఉప్పు. మిక్సీ ఆపి ఆపి తిప్పాలి. ఒకే పోటుగా తిప్పారంటే జారు వేడెక్కి నూనె దిగి పొడి కాస్తా ముద్దవుతుంది.

తైదంబలి, అంటే రాగి జావ, గురించి ఎక్కువ చెప్పం, ఫ్యాషన్లో ఉంది గనక. మూడు చెంచాల తైద పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపి, ఆ తర్వాతే మరిగే నీళ్లలో పోయాలి. నేరుగా వేసినవారికి గడ్డలే గతి. అంబలి బాగా చల్లారాకే సల్ల, అంటే మజ్జిగ, కలపాలి. కోడిగుడ్లు పది నిమిషాలు ఉడకబెట్టి పెంకుతోనే తేవచ్చు, ఏసీ గదిలో మాత్రం ఒలవద్దు.

పండ్ల విషయంలో సమోసాకు కొంత ఊరట. నల్లగొండ బత్తాయి మన పొలంలో కాసినా ఆఫీసుకు వచ్చేసరికి రసమైపోతుంది. నార పోయి, చక్కెర చేరి, గ్లాసులో కూచుంటుంది. ఇంటి నుంచి పిండుకుని సీసాలో తెద్దామంటే రెండు మూడు గంటలకే చేదెక్కుతుంది, బత్తాయి రసం గుణమే అంత. నాలుగు ముక్కలుగా కోసి, తొక్క పట్టుకుని పళ్లతో లాగి తినడమే మార్గం. పై అధికారి ముందు అంత ధైర్యం ఎవరికుంది?

పాలమూరు వైపు బాలానగర్ తన పేరే ఒక రకానికి ఇచ్చేసిన సీతాఫలం మాత్రం మన పక్షమే. గట్టి కాయను శుక్రవారం సొరుగులో పెట్టి మరిచిపోయిన వారికి సోమవారం ఫైళ్ల మీద గుజ్జు దర్శనమిస్తుంది. కన్నుల మధ్య సందులు పచ్చ వదిలి పసుపుకు తిరిగిన కాయను ఆరోజే తినాలి. తిన్నా సరే, నోట్లో ఏడు గింజలు, రెండు చేతుల నిండా గుజ్జు, అప్పుడే ఫోను. "సార్, వినబడుతుందా?" అని అవతలి వాళ్లు అరుస్తుంటే ఇవతల "ఊఁ" తప్ప ఇంకో మాట రాదు. ఆ పండు తిన్నవారెవరూ అదే వారంలో మళ్లీ తేలేదు.

చివరిగా, సమోసా ప్రియులు మరీ కుంగిపోవద్దని ఒక లెక్క. కప్పు శనగలు ఉడికి రెండున్నర కప్పులవుతాయి. సెక్షనులో పదకొండు మంది. మూత తీసిన మనిషి "తిను అన్నా, మొహమాటపడకు" అనక తప్పదు, ఇది మన దగ్గర రాజ్యాంగానికన్నా ముందే ఉన్న చట్టం. "జర రుచి చూస్త" అని మొదటాయన రెండు చెంచాలు తీస్తాడు. "ఎల్లిపాయ మంచిగ పడ్డది వదినా" అని రెండో ఆమె. నిమ్మచెక్క డబ్బా వేరే టేబులెక్కుతుంది. నాలుగూ పదికి అడుగున మూడు శనగలు, ఒక కల్యామాకు. తెచ్చిన మనిషికి దక్కింది ఒకటిన్నర చెంచా. నాలుగున్నరకు ఆమె ఖాళీ డబ్బా మూత పెట్టి, పర్సులోంచి ఇరవై రూపాయల నోటు తీసి, అటెండరును కేకేస్తుంది.