కోడలిని మరిచిన కిరాయి చట్టం

కిరాయిదారు చనిపోతే ఆ ఇంట్లో ఉండే హక్కు ఎవరిది? హైదరాబాద్‌లో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం లెక్కలో భార్య లేదా భర్త, కొడుకు, కూతురు. అదీ చివరిదాకా అదే ఇంట్లో కలిసి ఉంటేనే. ఆ షరతు సబబే. అమెరికాలో స్థిరపడ్డ కొడుకు దిగి, సుల్తాన్ బజార్ ఇల్లు నాదంటే ఎలా కుదురుతుంది? నా పేచీ ఆ జాబితాతోనే. అందులో కోడలు లేదు. కన్నతల్లీ లేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తల్లినీ, చనిపోయిన కొడుకు భార్యనూ మొదటి తరగతి వారసుల్లోనే చేర్చింది. నాలుగేళ్లకే వచ్చిన అద్దె చట్టంలో 'కిరాయిదారు' అనే మాటకిచ్చిన నిర్వచనంలో ఇద్దరికీ చోటు దొరకలేదు. మామగారు సొంతిల్లు వదిలిపోతే వితంతు కోడలికి వాటా ఉంది, కిరాయి ఇల్లయితే ఆమె ఊసే లేదు! దుకాణాల సంగతి చూస్తే ఇంకా విడ్డూరం. వ్యాపార కిరాయిదారీ వారసులకు సంక్రమిస్తుందని 1985లో జ్ఞాన్ దేవి ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది ఢిల్లీ చట్టం మీద వచ్చిన తీర్పే అయినా, ముల్గీ (దుకాణం) మీద ఉన్న పట్టింపు వంటిల్లు మీద లేదని తెలిసిపోతోంది.

కిరాయి ఇంట్లో ఉండే ఒక కోడలిని ఊహించుకోండి. మొగుడు ముందే పోయాడు. మామగారికి అన్నం, మందులు అన్నీ ఆమే చూసింది. ఆయన పోయిన మర్నెల నుంచి ఓనరు అద్దె తీసుకోడు. మనియార్డరు చేస్తే తిరిగొస్తుంది. రసీదులన్నీ మామ పేరున, కరెంటు మీటరు ఓనరు పేరున. అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ ముందుకెళ్తే మొదటి ప్రశ్న: "మీరెవరు?"

ఓనర్ల గోడూ వినాల్సిందే. తరాల తరబడి నామమాత్రపు అద్దెతో నలిగినవాళ్లున్నారు. కానీ 2005 సవరణ తర్వాత నగరంలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లు ఈ చట్టం కిందకే రావు. సొంత అవసరమని నిరూపిస్తే, కావాలని అద్దె ఎగ్గొడితే ఖాళీ చేయించే దారులూ ఉన్నాయి. కోడలిని చేర్చితే కొంపలు మునగవు.

అసలు రోగం ఆడవాళ్ల పేరు కాగితం మీద లేకపోవడం. సర్కారు ఇందిరమ్మ ఇళ్లను మహిళల పేరు మీద ఇస్తోంది. గృహహింస చట్టం కిరాయి ఇంటినీ ఆమె ఉమ్మడి నివాసంగానే చూస్తుంది, కానీ ఆ రక్షణ అత్తింటివారి మీదే, ఓనరు మీద కాదు. శాసనసభ ఆ కిరాయిదారు నిర్వచనంలో రెండు మాటలు చేర్చాలి: తల్లి, వితంతు కోడలు. రెండేళ్లు కలిసి ఉండాలనండి, ఆధార్ అడగండి, ఆమె దగ్గర ఉన్న కాగితం అదొక్కటే.