హ్వాయ్ థాన్‌కు దేశం పట్టలేదన్న మాట నిజం కాదు

వియత్నాం విమర్శకుడు హ్వాయ్ థాన్ (1909–1982) పేరెత్తితే చాలు, ఒక తీర్పు వినిపిస్తుంది. ‘కళ కళ కోసమే అన్నవాడు, దేశం పట్టనివాడు. ‘వియత్నాం కవులు’ సంకలనంలో కొత్త కవులందర్నీ ఆకాశానికెత్తేశాడు. కమ్యూనిస్టులు అధికారానికొచ్చిన 1945 తర్వాత పార్టీ మాటే తప్ప సొంత మాట లేదు.’ చివరి ఆరోపణలో కొంత నిజముంది. మొదటి రెండూ ఆ పుస్తకం తెరవకుండా అంటున్నవే.

అందర్నీ పొగిడాడా? తమ్ముడు హ్వాయ్ చాన్‌తో కలిసి 1942లో తెచ్చిన ఆ సంకలనం చివర ఆయనే రాశాడు: చదివినవి పదివేల కవితలు, వాటిలో దాదాపు పదివేలూ బాగాలేనివే! పుస్తకంలోకి ఎక్కినవి 170కి మించవు. కుష్ఠువ్యాధితో బాధపడుతూ 1940లో 28 ఏళ్లకే పోయిన హాన్ మాక్ తూ కవిత్వాన్ని ఇంచుమించు నెలరోజులు చదివి, ఒంట్లో సత్తువంతా పోయిందని చెప్పుకున్నాడు. అంత బాధపడ్డ మనిషిని బతికుండగా పట్టించుకోకుండా, పోయాక చుట్టూ మూగి తిట్టినా మెచ్చినా అందులో ఏదో నిర్దయ ఉందన్నాడు. ఇది ముఖస్తుతి చేసేవాడి మాట కాదు.

దేశం సంగతి. 1930లలో హాయ్ త్రియూ వంటి మార్క్సిస్టులతో వాదానికి దిగి కళ పక్షాన నిలబడ్డ మాట వాస్తవం. కానీ అదే మనిషి చదువుకునే రోజుల్లోనే వలసపాలనకు వ్యతిరేకంగా పనిచేసిన తాన్ వియెత్ పార్టీలో చేరి అరెస్టయ్యాడు. సంకలనానికి రాసిన పెద్ద వ్యాసం చివరి పేజీలు చూడండి. ఈ కుర్ర కవులు పుట్టిన నేలమీది ప్రేమనంతా తల్లిభాష మీద కుమ్మరించారనీ, గడిచిపోయిన తరాల ఆత్మలను పట్టి దాచిన పట్టుగుడ్డ వాళ్లకు ఆ భాషేననీ రాశాడు. నెత్తిన ఫ్రెంచి ప్రభుత్వం, ఊళ్లలో జపాన్ సైన్యం ఉన్న కాలంలో అంతకంటే తెగించి ఏం రాయగలడు?

ఇక 1945 తర్వాత. తన పుస్తకాన్ని తానే తప్పుపట్టాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వియత్నాం ఉత్తరాదిన ఆ సంకలనం మళ్లీ అచ్చయ్యేసరికి 1988 వచ్చింది, ఆయన పోయి ఆరేళ్లయింది. అయినా ఫ్రెంచివాళ్లతో యుద్ధం సాగుతుండగానే, 1949లో, పాత కవి న్గుయెన్ జు కావ్యం ‘కియూ కథ’ మీద పుస్తకం రాశాడు. తండ్రిని విడిపించడానికి తనను తాను అమ్ముకున్న ఆడపిల్ల కథ అది. అందులో ఆయన పట్టుకున్నది మనిషికి బతికే హక్కు. యుద్ధం మధ్య ఒక పాత కావ్యం కోసం ఇలా నిలబడటం సొంత మాట కాకపోతే మరేమిటి?