పొరపాటు వేలిదా, తెరదా?

ఫోన్‌లో ఏదైనా పని కాకపోతే ముందు మనల్ని మనమే తిట్టుకుంటాం. 'నాకివన్నీ చేతకావు' అని పక్కన పడేస్తాం. యాప్ తయారుచేసినవాళ్లకు ఇంతకంటే హాయి ఏముంది? ఫిర్యాదు రాదు, మనిషి మాత్రం వెళ్లిపోతాడు.

ఈ నింద పాతదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక కూడా ప్రమాదాలు జరిగేవి. పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) మూయబోయి చక్రాలు ముడిచేసేవారు. అంత పెద్ద విమానమూ రన్‌వే మీద పొట్టతో కూలబడేది. 'పైలట్ తప్పిదం' అని రాసేసి ఫైలు మూసేవారు. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి! చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు రెక్కలాంటి ముక్క తగిలించాడు. చీకట్లో తడిమినా తేడా తెలిసేది. పైలట్లకు కొత్తగా శిక్షణేమీ ఇవ్వకుండానే సమస్య తీరింది.

ఇప్పటికీ 'సేవ్', 'డిలీట్' బటన్లు ఒకే రంగులో, ఒకే సైజులో ఒకదాన్నొకటి ఆనుకుని కనిపిస్తూనే ఉన్నాయి.

చిన్నగా, దూరంగా ఉన్నదాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లోనే లెక్కగట్టి చూపాడు. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2023లో తన ప్రమాణాల్లో చేర్చింది. అయినా ప్రకటన మూసే ఇంటూ గుర్తు ఆవగింజంతే. ఫిట్స్ సూత్రం తెలియకనా? బాగా తెలిసే!

యాప్ వాడటానికి సులువుగా ఉందో లేదో ఎంతమందితో పరీక్షించాలన్నది డిజైన్ రంగంలో తెగని పంచాయితీ. ఐదుగురు చాలు, 85 శాతం లోపాలు బయటపడతాయని ఈ పరీక్షల నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. లారా ఫాక్‌నర్ అనే పరిశోధకురాలు 2003లో 60 మందితో పరీక్షించి, వాళ్లలోంచి ఐదుగురేసి చొప్పున ఏరి చూస్తే ఒక గుంపు 99 శాతం లోపాలు పట్టింది, మరొకటి 55 శాతమే. నా మటుకు నాకు సంఖ్య కంటే ఆ ఐదుగురూ ఎవరన్నదే ముఖ్యం. ఆఫీసులో పక్క సీటువాళ్లనే కూర్చోబెడితే ఐదుగురైనా యాభైమందైనా ఒకటే.

పైగా, ఎలా ఉందని అడిగితే జనం మంచిమాటే చెబుతారు. అడగడం కాదు, పక్కన కూర్చుని చూడాలి. ఒకసారి ఒకావిడ ఫారం నింపుతుంటే చూశాను. అన్ని గడులూ పూర్తిచేశారు. ఓటీపీ చూసుకోవడానికి మెసేజ్‌లలోకి వెళ్లి వచ్చేసరికి ఫారం ఖాళీ. మళ్లీ మొదటినుంచీ నింపారు, మళ్లీ అదే కథ. మూడోసారి, తెర పైన ఓటీపీ మెరిసి మాయమయ్యేలోపే చదివేసి, మరిచిపోకుండా పెదాలు కదుపుతూ ఒక్కో అంకే కొట్టారు. అయ్యాక అభిప్రాయ పత్రం ఇస్తే ఐదుకు నాలుగు మార్కులు వేశారు. ఇబ్బందేమైనా ఉందా అని అడిగాను.

"అబ్బే, ఏం లేదండీ. నేనే కాస్త తొందరపడ్డాను."