కొంగున ముడేసిన మాత్రలు

తెనాలి పక్క పల్లెలో ఒక ఇల్లు. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చిన అమ్మాయికి కాన్పై ఆరో వారం నడుస్తోంది. నిద్ర లేదు, తిండి సయించదు, బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా గోడవైపు తిరిగి పడుకుంటోంది. డాక్టరమ్మ రాసిన మాత్రలు పెద్దమ్మ కొంగు ముడిలో ఉన్నాయి. అడుగుతున్నది అమ్మాయి అక్క, పీహెచ్‌సీలో నర్సు. నేను అక్క పక్షమే, ముందే చెప్పేస్తున్నా.

అక్క: పెద్దమ్మా, ఆ మాత్రలు ఇటివ్వు. రాత్రి కూడా వెయ్యలేదట.

పెద్దమ్మ: వెయ్యను. పాలిచ్చే తల్లికి పిచ్చి మాత్రలేంటే? అత్తారింట్లో తెలిస్తే బిడ్డని ఉంచుకుని దీన్ని పంపేస్తారు.

అక్క: ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా సరే, మూడేళ్లలోపు బిడ్డని మామూలుగా తల్లినుంచి విడదీయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్తోంది. ఇది ఇంట్లోనే ఉందాయె.

పెద్దమ్మ: ఆ చట్టం మీ చెల్లి అత్తగారు చదివిందా?

అక్క: …

పెద్దమ్మ: చదవలేదుగా. బాలింతలు ఏడవడం కొత్తా? నాలుగు రోజులు ఏడుస్తారు, లేస్తారు.

అక్క: నాలుగు రోజులైతే నేనూ ఊరుకునేదాన్ని. కాన్పైన మూడో రోజో నాలుగో రోజో ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. ఇది ఆరో వారం. మన దేశంలో చేసిన 38 అధ్యయనాలు కలిపి 2017లో లెక్కగడితే, నూటికి 22 మంది బాలింతలకి ఇలాంటి దిగులు ఉందని తేలింది. వాళ్లందరికీ పిచ్చంటావా? బాలింతల కోసం పది ప్రశ్నల కాగితం ఒకటుంది, 1987 నుంచీ వాడుతున్నారు. మొన్న నేనే చెల్లి పక్కన కూర్చుని అడిగా. తొమ్మిదింటికి తల ఊపుతూ చెప్పేసింది. పదోది, నీకు నువ్వే ఏదన్నా చేసుకోవాలని అనిపించిందా అని. దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది. ఎంతకో నోరు విప్పి, “అప్పుడప్పుడు” అంది.

పెద్దమ్మ: నాతో చెప్పలేదే!

అక్క: నువ్వు అడిగిందల్లా పాలు పడుతున్నాయా అనేగా.

పెద్దమ్మ: (గొంతు పెరిగింది) ఆ, నేను పాల సంగతే అడిగా. మీరంతా ఏం అడిగారు? నా కాన్పుకి మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. అమ్మ, అమ్మమ్మ, ఇద్దరు పిన్నులు. రాత్రి బిడ్డ ఏడిస్తే నా దాకా వచ్చేది పాలకే. ఇప్పుడో? మీ అమ్మ బడికెళ్తుంది. మీ మరిది శనివారం వస్తాడు, ఆదివారం ఫోను చూసుకుని పోతాడు. ఆడపిల్ల అని వాళ్లమ్మ ఉయ్యాల్లో వేసేనాడు కూడా గడప తొక్కలేదు. ఆ డాక్టరమ్మ దీనితో ఎంతసేపు మాట్లాడింది? చీటీ రాసినంతసేపు. మొగుడు మారక్కర్లేదు, అత్త మారక్కర్లేదు, ఇది మాత్రం మాత్ర మింగాలి. రోగం ఎవరికే?

(పెద్దమ్మని ఓడించడానికే ఈ ఇంటికి తీసుకొచ్చాను. ఈ మాటకి మాత్రం అక్క దగ్గర ఎదురు లేదు.)

అక్క: కాదనను. ఆడపిల్ల పుట్టిందన్న చిన్నచూపు, మొగుడి దెబ్బలు, లేమి ఈ జబ్బుకి దారి తీస్తాయని గోవాలో చేసిన పరిశోధన 2002లోనే చెప్పింది. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గర పల్లెల్లో మన ఆశాల్లాంటి ఆడవాళ్లే ఇళ్లకెళ్లి బాలింతలతో, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడారు. ఆర్నెల్లకి వాళ్లలో దిగులు మిగిలింది నూటికి 23 మందికి. ఆ మాటలు అందని బాలింతల్లో 53 మందికి.

పెద్దమ్మ: మందు లేకుండానేగా!

అక్క: మన ఊళ్లో అలా కూర్చునేవాళ్లు ఎవరున్నారు? ఉన్నా, పదో ప్రశ్నకి ఆ జవాబు విన్నాక మాటలతో సరిపెట్టను. అయినా దాన్ని కాస్త నడుం వాల్చనిచ్చిందెవరు? ఉయ్యాలనాడు ఫొటోగ్రాఫర్ని పెట్టి పట్టుచీరలో రెండు గంటలు పీట మీద…

పెద్దమ్మ: ఆ ఫొటోగ్రాఫర్ని పిలిచింది మీ నాన్న!

అక్క: నవ్వమని వెంటపడింది నువ్వు. పైగా పథ్యమని రెండుపూటలా వెల్లుల్లి కారం, సొరచేప పొట్టు. ఆకుకూర పెట్టవు. మన రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువని సర్కారు సర్వేనే చెప్పింది.

పెద్దమ్మ: ఆకుకూర పెడితే బిడ్డకి విరేచనాలు. సొరపొట్టు జోలికి రాకు, దాంతోనే పాలు పడ్డాయి మీ అమ్మకి.

అక్క: సరే, తిననీ. రక్తం, థైరాయిడ్ రెండూ పరీక్షకి పంపా. ఈ సెర్ట్రలీన్ మాత్ర పాలల్లోకి చాలా కొంచెమే దిగుతుంది, అందుకే పాలిచ్చేవాళ్లకి రాస్తారు. గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందాకా దాన్ని ఒంటరిగా వదలకూడదు. మాట తేడాగా ఉంటే నాకు చెయ్యి, నేను ఎత్తకపోతే మనసు బాగోనివాళ్ల కోసం సర్కారు పెట్టిన 14416కి. అర్ధరాత్రైనా పలుకుతారు.

పెద్దమ్మ: రాత్రిళ్లు బిడ్డ నా పక్కలో పడుకుంటుంది. మీ మరిదికి ఫోను చేసి, సెలవు పెట్టుకుని రమ్మను.

అక్క: చేస్తా. ముడి విప్పు.

పెద్దమ్మ: ఇదిగో. నా చేత్తో మాత్రం వెయ్యను, నువ్వే వేసుకో.