పిండి గిన్నె, పెద్దాయన, 83 లక్షల చుక్కలు

డిసెంబర్ వస్తే మా ఇంట్లో ఇడ్లీ పిండి పులవదు. హైదరాబాద్ చలికి రాత్రి రుబ్బిన పిండి పొద్దున కూడా రుబ్బినంతే ఉంటుంది. మా అమ్మ గిన్నెకి తువ్వాలు చుడుతుంది, బియ్యం డబ్బాలో పెడుతుంది, దుప్పటి కప్పుతుంది, ఏం చేసినా ఇడ్లీలు మాత్రం గోడకేసి కొడితే పెచ్చు ఊడేలాగే వస్తాయి. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను ఇళ్ళకి త్రీడీ బొమ్మలు చేసి బతికేవాణ్ణి, పోయిన డిసెంబర్లో ఏ రెండరింగ్ సాఫ్ట్‌వేర్ (కంప్యూటర్‌లో గీసిన ఇంటిని ఫోటోలాంటి బొమ్మగా మార్చేది) వాడాలా అని పది రోజులు జుట్టు పీక్కున్నాను, ఆ గొడవ చివరికి తేలింది ఈ పిండి గిన్నె దగ్గరే.

ఖమ్మం పక్కన పల్లెటూళ్ళో ఒక పెద్దాయన ఇల్లు. మిర్చి రైతు. తూర్పు ముఖం, కిందా పైనా రెండంతస్తులు. స్థలం తండ్రిది, డబ్బు డాలస్‌లో ఉన్న కొడుకుది, కాబట్టి నాకు ఇద్దరు ఓనర్లు. సంక్రాంతికి కొడుకు వస్తాడు, అప్పుడే శంకుస్థాపన, ఆ రోజుకి ఇంటి బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టాలి. ఇదీ పని. నాకు కొత్తేమీ కాదు, స్కెచప్‌లో మోడల్ చేసుకోవడం, రాత్రి వీ-రేలో రెండర్ పెట్టి పడుకోవడం, పొద్దున్న లేచి చూసుకోవడం, ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తోంది.

ఆ మాట కొడుకుతో అనడమే నేను చేసిన తప్పు.

"అన్నా, ఈ రోజుల్లో కూడా రాత్రంతా రెండర్ పెడతారా? మా ఫ్రెండ్ వాళ్ళ డిజైనర్ లైవ్‌గా ఇల్లంతా తిప్పి చూపించాడు, వీడియో గేమ్‌లాగా."

ఆ ఒక్క మాటకి రోషం పొడుచుకొచ్చింది. ఆ రాత్రి నుంచి యూట్యూబ్‌లో ఏది మంచిదో పోల్చి చెప్పే వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. ఈ ఫీల్డులో ఎవణ్ణి అడిగినా వాడు వాడేదే మంచిదంటాడు, మా పిన్నులు బంగారం కొట్టు గురించి చెప్పినట్టు. ఒకడు లూమియన్ అంటాడు, అది మంచిదే, కానీ దానికి కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు ముందు నా కార్డు ఏనుగు ముందు ఎలక. ఇంకొకడు కరోనా అంటాడు. "కరోనా ఒకసారి ట్రై చేద్దామనుకుంటున్నా" అని ఫోన్లో అంటుంటే పక్క గదిలోంచి నాన్న దగ్గు ఆపుకోవడం వినపడింది. మూడోవాడు ఎన్‌స్కేప్ అంటాడు. వీ-రే, కరోనా, ఎన్‌స్కేప్ ఈ మూడింట్లో ఏది అని రెండు రోజులు కాగితం మీద గళ్ళు గీసి మార్కులు వేసుకున్నాక తెలిసిందేంటంటే, కరోనా 2017లోనూ ఎన్‌స్కేప్ 2022లోనూ ఆ వీ-రే కంపెనీ కిందికే వచ్చేశాయట. ఒకే ఇంట్లో అన్నం తినే ముగ్గురు అన్నదమ్ముల మధ్య నేను రెండు రోజులు తగువు తీర్చానన్నమాట.

బ్లెండర్ కూడా చూశాను. పూర్తిగా ఉచితం. దాని కథ నాకు భలే నచ్చింది. 2002లో దాని కంపెనీ మూతపడితే, వినాయక చవితి చందాల్లాగా జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి, కోడ్‌ని కొనేసి అందరికీ వదిలేశారు, అదీ ఏడు వారాల్లో. అంతమంది కష్టపడి విడిపించిన దాన్ని గౌరవంగా తెరిచాను, ఏదో ఒక బటన్ నొక్కాను, ఇల్లు మాయమైంది. అదెటు పోయిందో వెతకడానికే ఒక పూట పట్టింది. గౌరవం అలాగే ఉంది, మళ్ళీ తెరవలేదు.

చివరికి ట్విన్‌మోషన్ దగ్గర ఆగాను. గేములు చేసే ఎపిక్ వాళ్ళు 2019లో కొన్నది. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి ఉచితమని రాశారు. ఆ రూలు చదివి నేను కాసేపు నవ్వుకున్నాను, మా ఆవిడ నవ్వలేదు.

పెద్దాయన ఆ వారం కంట్లో శుక్లం తీయించుకుని కూకట్‌పల్లిలో కూతురింట్లో ఉన్నాడు. రమ్మంటే వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుని, చేతికర్ర రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని స్క్రీన్ వంక చూస్తున్నాడు. కొత్త కన్ను కదా, ఏదీ వదలడం లేదు.

"ఇదేం చెట్టు బాబూ?"

"మేపుల్ అంటారండీ."

"కాయలు కాస్తదా?"

"కాయదండీ."

"మరి నీడకా? వాకిట్లో సంపు మూత మీద మొలిచింది. దీన్ని కొట్టేస్తే తప్ప నీళ్ళ మోటారు దింపలేం."

ఆ సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో చెట్లు బోలెడున్నాయి, మనుషులు బోలెడున్నారు, కుక్కలున్నాయి. తులసికోట మాత్రం నాకు కనపడక, నేనే స్కెచప్‌లో కట్టుకున్నాను. ఇంతలో చేతిలో కాఫీ కప్పుతో ఒక పొడుగు కోటు అమ్మాయి ఇంటి ముందు నుంచి నడుచుకుంటూ పోయింది.

"ఈ పిల్ల ఎవరు?"

"ఊరికే పెట్టానండీ, ఇల్లెంత ఎత్తుందో తెలియడానికి."

"మన గడప ముందు నుంచి పోతా పలకరించకుండా పోతదా?"

సరే ఈ మనిషిని తీసేద్దామని మౌస్ అటు తిప్పాను. అక్కడ వాతావరణం మార్చే స్లైడర్ ఉంటుంది. చెయ్యి దాని మీద పడి జరిగింది. ఖమ్మం జిల్లాలో మంచు కురవడం మొదలైంది. మెల్లగా, ఎంతో అందంగా, పిట్టగోడ మీదా, పార్కింగ్ మీదా, నేను రెండు గంటలు కూర్చుని చేసిన తులసికోట మీదా తెల్లగా పేరుకుంటోంది. నాకు కంగారులో ఏ స్లైడర్ జరిపానో గుర్తులేదు, ఇంకోటి జరిపాను, రాత్రయింది.

పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపటికి, "మావోడు ఒకసారి ఇట్లాంటి ఫోటోనే పంపిండు ఆ దేశం నుంచి" అన్నాడు. కాఫీ తెచ్చిన మా అమ్మ మాత్రం స్క్రీన్ చూసి ఆగిపోయింది. "అయ్యో, మేడ మీద మిరపకాయలు ఏమైనా ఉన్నాయా అండీ?" అంది.

ఆ రాత్రే వీ-రేకి తిరిగొచ్చేశాను. కొడుక్కి ఏం చెప్పాలో తర్వాత చూద్దాం.

వీ-రే ఏం చేస్తుందో తెలియనివాళ్ళకి ఒక ముక్క. 4కే బొమ్మ అంటే 3840 చుక్కలు అడ్డం, 2160 నిలువు, లెక్కేస్తే దాదాపు 83 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క కోసం అది కెమెరాలోంచి కిరణాలు వదులుతుంది, అవి గోడకి తగిలి, అద్దానికి తగిలి, నేల మీద ఎగిరి, వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కుని వచ్చి రంగు చెప్తాయి. ఒక్కో చుక్కకి పదులూ వందలూ కిరణాలు. స్క్రీన్ మీద చిన్న చిన్న గళ్ళు ఒక్కొక్కటే నిండుతూ వస్తాయి, సంక్రాంతి ముగ్గులో రంగులు నింపినట్టు. నాది ఎనిమిది కోర్ల ప్రాసెసర్, ఎనిమిదీ నూటికి నూరు శాతం పనిచేస్తాయి, ఆ వేడంతా క్యాబినెట్ పైనున్న జాలీలోంచి బయటికొస్తుంది.

అర్ధరాత్రి మంచినీళ్ళకి లేచిన మా అమ్మ ఆ జాలీ మీద చెయ్యి పెట్టి చూసిందట.

పొద్దున్న లేచేసరికి రెండర్ అయిపోయింది. క్యాబినెట్ మీద స్టీలు గిన్నె. మూత ఒక పక్కకి లేచి ఉంది, లోపల పిండి నురగలు నురగలుగా గిన్నె అంచుదాకా వచ్చి ఆగింది. గరిటె పెడితే బుస్సుమంది. ఆ రోజు ఇడ్లీలు మా ఇంటి చరిత్రలో లేవు.

"ఏం సాఫ్ట్‌వేర్ రా ఇది?" అంది అమ్మ.

"వీ-రే."

"మొన్న రాత్రి కూడా పెట్టి చూశా, మంచు పడే దానికి. అది అసలు వేడెక్కలేదు."

పదకొండున్నరకి పెద్దాయన బొమ్మ చూడ్డానికి వచ్చాడు, ముందు ఇడ్లీలు తిన్నాడు, ఆరు. బొమ్మ అద్భుతంగా వచ్చింది, నేను చెప్పుకోకూడదు గానీ గ్రానైట్ మెట్ల మీద మెరుపు చూస్తే కాలు జారుతుందేమో అనిపించింది. ఆయన మెట్లు చూడలేదు. పై నుంచి తీసిన వ్యూలో మేడని చూస్తున్నాడు.

"ఇది ఏ నెల అనుకుని చేసినవ్?"

"డిసెంబర్ 21, మధ్యాహ్నం 12 అండీ."

"మెట్ల గది నీడ ఇంత పొడుగుందేంది?"

వాస్తు ప్రకారం మెట్ల గది నైరుతిలో ఉంది, ఎత్తు 9 అడుగులు. బొమ్మలో దాని నీడ ఉత్తరం పిట్టగోడ దగ్గరదాకా సాగి, పడమటి వైపు మేడనంతా మింగేసింది. "మధ్యాహ్నమే ఇంత నీడైతే మిరపకాయలు యాడ ఆరబోసేది? మెట్ల గది తీసెయ్" అన్నాడు. మెట్ల గది తీస్తే మేడ మీదికి ఎలా ఎక్కుతారు అని నేను, ఎండ లేని మేడ మీదికి ఎందుకు ఎక్కాలి అని ఆయన. వీ-రే లెక్క తప్పదండీ, ఫిజిక్స్ అండీ అని నేను గట్టిగా చెప్పాను. ఆయన లేచి చేతికర్ర పట్టుకుని మా బాల్కనీలోకి వెళ్ళాడు. కర్రని నిటారుగా నిలబెట్టి, దాని నీడని చెప్పు కొసతో చూపించాడు. టైము 12 దాటి పది నిమిషాలు. నీడ కర్ర కంటే పొట్టిగా ఉంది.

మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుని అన్నీ వెతికితే దొరికింది. స్కెచప్‌లో మోడల్ ఏ ఊళ్ళో ఉందో మనం చెప్పకపోతే అది పుట్టిన ఊరే అనుకుంటుంది, అమెరికాలో కొలరాడో రాష్ట్రం, బౌల్డర్. 40 డిగ్రీల అక్షాంశం. మన ఖమ్మం 17. డిసెంబర్ 21 మధ్యాహ్నం ఖమ్మంలో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకి వస్తాడు, బౌల్డర్‌లో 27 దగ్గరే ఆగిపోతాడు. అక్కడ 9 అడుగుల గదికి నీడ 18 అడుగులు, ఇక్కడ 8 కూడా ఉండదు. లెక్క తప్పలేదు, ఊరు తప్పింది. ఇన్నేళ్ళుగా నేను కూకట్‌పల్లిలో, సూర్యాపేటలో, భీమవరంలో చేసిన ఇళ్ళన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. అన్నీ బౌల్డర్ ఎండలోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు, ఎవరికీ మేడ మీద మిరపకాయలు లేవు కాబట్టి.

పెద్దాయనకి ఇదంతా చెప్పుకోవడం కంటే నరకం లేదు. "అంటే మంచు అందుకే పడ్డదా" అన్నాడు ఆయన చాలా మామూలుగా.

ఊరు మార్చి ఆ రాత్రి మళ్ళీ రెండర్ పెట్టాను, ఈసారి క్వాలిటీ పెంచి, పరువు పోయింది కదా. ఇక్కడ నాకు తెలియని విషయం ఒకటుంది. పెద్దాయన ఇడ్లీలు మెచ్చుకున్నాడని మా అమ్మ రేపు కూతురూ అల్లుడూ పిల్లలతో సహా టిఫిన్‌కి రమ్మని పిలిచింది. అందుకని పిండి రెట్టింపు రుబ్బింది. గిన్నె మాత్రం అదే.

తెల్లవారుజామున మూడింటికి టప్‌మని చప్పుడు. హాల్లోకి పరిగెత్తితే చీకటి, పులిసిన వాసనా కాలిన వాసనా కలిసి ఒక విచిత్రమైన కంపు. ఫోన్ లైట్ వేసి చూశాను. పిండి మూతని తోసేసి, అంచు దాటి, క్యాబినెట్ మీద పరుచుకుని, జాలీ కన్నాల్లోంచి సేమ్యాలాగా లోపలికి దిగింది. కొంత ఫ్యాన్ రెక్కల మీద, కొంత గ్రాఫిక్స్ కార్డు వీపు మీద, అది ఏకంగా సగం ఉడికి కూడా ఉంది. నేను తల పట్టుకుని కింద కూర్చున్నాను. అమ్మ వెనక నుంచి వచ్చి చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, రెండు గ్లాసుల మినప్పప్పు."

పొద్దున్న తొమ్మిదికి ఏడుగురు వచ్చారు. ఉప్మా పెట్టాం. నేను పాత ల్యాప్‌టాప్‌లో స్కెచప్ తెరిచి, ఖమ్మం అని ఊరు పెట్టి, నీడలు ఆన్ చేసి, రెండర్ గిండర్ ఏమీ లేకుండా ఆ నల్ల గీతల బొమ్మనే చూపించాను. పెద్దాయన దగ్గరికి జరిగి మేడని చూశాడు, నీడని వేలితో కొలిచాడు, "ఇదీ మన ఇల్లు" అన్నాడు. అదే ఫ్లెక్సీకి వెళ్ళింది. డాలస్ నుంచి రాత్రి వాట్సాప్ వచ్చింది. "అన్నా, ఆ హ్యాండ్ స్కెచ్ ఫీల్ సూపర్. ఏ సాఫ్ట్‌వేర్?" ఇప్పటిదాకా జవాబు ఇవ్వలేదు.

కంప్యూటర్ బాగు చేసే కుర్రాడు మూత విప్పి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అన్నా, ఇది ఇడ్లీ పిండా, దోశ పిండా?" అన్నాడు.

కొత్తది కొన్నాను, మంచి గ్రాఫిక్స్ కార్డుతో. ఇప్పుడు అదే బొమ్మ ఆ కార్డు మీద పెడితే టీ చల్లారే లోపు అయిపోతుంది, క్యాబినెట్ గోరువెచ్చగా కూడా అవ్వదు. నేను సంబరపడ్డాను గానీ ఇంట్లో ఎవరూ పడలేదు. రెండు వారాలు ఆ పెచ్చుల ఇడ్లీలే తిన్నాం. అందుకని ఇప్పుడు శనివారం రాత్రి నాకు క్లయింట్ లేకపోయినా, గడువు లేకపోయినా, కార్డుని పక్కనపెట్టి మళ్ళీ ప్రాసెసర్ మీదే పెట్టి, నాయిస్ లిమిట్ (బొమ్మలో ఎంత గరుకు మిగలొచ్చన్న హద్దు) బాగా తగ్గించి, ఆ ఖమ్మం ఇంటినే 4కేలో రెండర్ వేస్తున్నాను. క్యాబినెట్ మీద పీట, పీట మీద పళ్ళెం, పళ్ళెంలో కొత్త పెద్ద గిన్నె. నిన్న కూడా పెట్టాను. లైటు ఆర్పేసి పడుకున్నాక చీకట్లో అమ్మ గొంతు వినపడింది.

"ఎంత శాతం అయింది రా?"

"పద్దెనిమిది."

"సరే. పొద్దుటికి వచ్చేస్తుంది."